గెటిస్‌బర్గ్‌లో ముందుగా మాట్లాడినాయన

1863 సెప్టెంబరు 23న పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ అనే చిన్న ఊరి నుంచి డేవిడ్ విల్స్ అనే లాయరు బోస్టన్‌లో ఉన్న ఎడ్వర్డ్ ఎవరెట్‌కు ఉత్తరం రాశాడు. జులై మొదటి మూడు రోజుల్లో ఉత్తర దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధంలో భాగంగా తమ ఊరి చుట్టూ జరిగిన పోరులో చనిపోయిన సైనికులకు ఒక శ్మశానవాటిక ఏర్పాటు చేస్తున్నామనీ, అక్టోబరు 23న ప్రారంభమనీ, ముఖ్య ప్రసంగం ఆయనే చేయాలనీ ఆ ఉత్తరం సారాంశం. ఎవరెట్ సరేనన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. నెల రోజులు చాలవు, నవంబరు 19 దాకా గడువు ఇస్తే వస్తానన్నాడు. నిర్వాహకులు మారుమాట లేకుండా తేదీ మార్చుకున్నారు. దేశాధ్యక్షుడు అబ్రహాం లింకన్‌కు పిలుపు వెళ్ళింది ఆ తర్వాతెప్పుడో, నవంబరు 2న. అధ్యక్షుడి వీలు కాదు, వక్త వీలు చూసి ముహూర్తం పెట్టారన్న మాట.

ఆ రోజు ఎవరెట్ రెండు గంటలు మాట్లాడాడు, లింకన్ రెండు నిమిషాలు. తర్వాతి సంగతి లోకానికి తెలుసు. లింకన్ మాటలు పాఠ్యపుస్తకాలకెక్కాయి. ఎవరెట్ పేరు మాత్రం ఎక్కువ మాట్లాడితే ఏమవుతుందో చెప్పే పిట్టకథలోకి దిగింది. ఉపన్యాస కళ మీద క్లాసు తీసుకునే ప్రతివాడూ ఆయన్ని ఒకసారి బోనెక్కిస్తాడు. నాకు ఈ తీర్పు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఎనిమిది వారాల గడువు అడిగి తీసుకున్న మనిషి ఆ ఎనిమిది వారాలూ ఏం చేశాడో చూడకుండా ఇచ్చిన తీర్పు అది. పదమూడు వేల పైచిలుకు మాటల ఆ ప్రసంగాన్ని తీరిగ్గా చదివితే పనితనం తెలిసినవాడి చెయ్యి అడుగడుగునా కనిపిస్తుంది.

అసలు ఎవరీయన? 1794లో బోస్టన్ పక్కనున్న డార్చెస్టర్‌లో, పాస్టరు పని చేసి మానేసిన తండ్రికి పుట్టాడు. పదమూడేళ్ళకు హార్వర్డ్‌లో చేరి, పదిహేడేళ్ళకు తరగతిలో మొదటివాడిగా బయటికొచ్చాడు. బోస్టన్ పెద్దమనుషులంతా వెళ్ళే బ్రాటిల్ స్ట్రీట్ చర్చిలో జోసెఫ్ బక్‌మిన్‌స్టర్ అనే పేరుమోసిన పాస్టరు 1812లో చిన్నవయసులోనే పోయాడు. ఆ పీఠం మీద 1814 ఫిబ్రవరిలో ఎవరెట్‌ను నిలబెట్టారు. అప్పటికి అతనికి ఇరవై నిండలేదు. అంత పెద్ద సంఘానికి ఆ వయసులో వారం వారం వాక్యం చెప్పడమంటే మాటలు కాదు. పైగా అదే ఏడాది క్రైస్తవాన్ని విమర్శిస్తూ వచ్చిన ఒక పుస్తకానికి జవాబుగా లావుపాటి గ్రంథం రాసి అచ్చు వేయించాడు.

చర్చిలో ఉన్నది ఏడాది పైచిలుకే. హార్వర్డ్ వాళ్ళు గ్రీకు సాహిత్యానికి ప్రొఫెసరుగా పిలిచి, ముందు యూరప్ వెళ్ళి చదువుకుని రమ్మన్నారు. 1817లో జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తీసుకున్నాడు. ఆ పట్టా అందుకున్న మొదటి అమెరికన్ ఆయనే. గ్రీసు వెళ్ళి మారథాన్ మైదానంలో తిరిగాడు. ఈ మారథాన్ సంగతి గుర్తుపెట్టుకోండి, నలభై ఏళ్ళు దాచుకుని వాడుకున్నాడు. 1819లో తిరిగొచ్చి పాఠాలు మొదలుపెడితే విద్యార్థుల్లో కాబోయే రచయిత ఎమర్సన్ ఉన్నాడు. ఏథెన్స్ కుర్రకారు మీద పెరిక్లీస్‌కు ఎంత పట్టు ఉండేదో మా మీద ఎవరెట్‌కు దాదాపు అంత ఉండేదని ఎమర్సన్ తర్వాత రాసుకున్నాడు.

రాజకీయాల్లోకి తీసుకొచ్చింది కూడా నోరే. 1824 ఆగస్టులో హార్వర్డ్ సభకు ఫ్రెంచి వీరుడు లాఫాయెట్ వచ్చాడు. ఎవరెట్ తన ప్రసంగం చివర ఆ ముసలాయన వైపు తిరిగి పలికిన స్వాగతానికి సభ కళ్ళు తుడుచుకుంది. నవంబరు ఎన్నికల్లో జనం ఆయన్ని కాంగ్రెస్‌కు పంపారు. ఆపైన పదేళ్ళు ప్రతినిధుల సభ, నాలుగేళ్ళు మసాచుసెట్స్ గవర్నరు, లండన్‌లో రాయబారి, హార్వర్డ్ అధ్యక్షుడు, నాలుగు నెలలు విదేశాంగ మంత్రి, ఏడాది పైచిలుకు సెనేటరు, 1860లో ఒక మూడో పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థి. పదవుల జాబితా పొడుగే గానీ ప్రతినిధుల సభ తర్వాత ఒక్కదాంట్లోనూ ఎక్కువ కాలం నిలదొక్కుకోలేదు. గవర్నరుగా మాత్రం మంచి పని చేశాడు. 1837లో రాష్ట్ర విద్యా మండలి పెట్టించాడు. హొరేస్ మాన్ ప్రభుత్వ బడులను తీర్చిదిద్దింది దాని కార్యదర్శిగానే. గవర్నరు పదవి పోయిన తీరు మరీ విచిత్రం. పదిహేను గ్యాలన్లకు తక్కువ సారా అమ్మకూడదన్న చట్టం మీద సంతకం పెట్టాడు. అంటే పీపా కొనగలిగినవాడు తాగొచ్చు, గ్లాసు కొనుక్కునేవాడు తాగకూడదు. బీదాబిక్కీ మండిపడ్డారు. 1839 ఎన్నికల్లో ప్రత్యర్థి మార్కస్ మోర్టన్‌కు గెలుపుకి కావలసిన మెజారిటీ సరిగ్గా ఒక్క ఓటుతో దక్కింది. లక్ష ఓట్లు పోలైన ఎన్నిక అది.

ఇక పనితనం దగ్గరికి వద్దాం.

ఎవరెట్ మొదట చేసింది రాయడం కాదు, సమాచారం పోగేయడం. యుద్ధం జరిగి నాలుగు నెలలైంది గానీ జనానికి తెలిసింది పత్రికల్లో వచ్చిన ముక్కలూ చెక్కలే. ఆయన సైన్యం నివేదికలు తెప్పించుకున్నాడు. యుద్ధాన్ని నడిపిన జనరల్ మీడ్ సిబ్బంది దగ్గర్నుంచి వివరాలు రాబట్టాడు. ఆ ఊరి కాలేజీలో లెక్కలు చెప్పే మైకేల్ జేకబ్స్ యుద్ధాన్ని కళ్ళారా చూశాడు, ఆ మూడు రోజులూ ఎండావానల లెక్కతో సహా రాసి పెట్టుకున్నాడు. ఆయన రాసినదీ చదివాడు. సభకు మూడు రోజులు ముందుగానే గెటిస్‌బర్గ్ చేరి గుట్టలూ చేలూ తిరిగి చూశాడు. అరవై తొమ్మిదేళ్ళ వయసు, ఒంట్లో బాగాలేదు. మూత్ర సంబంధమైన జబ్బు వల్ల వేదిక పక్కనే చిన్న గుడారం వేయించుకోవలసి వచ్చింది. ఆ స్థితిలో, మైకుల్లేని కాలంలో, సుమారు పదిహేను వేల మంది ముందు రెండు గంటలు నిలబడి మాట్లాడాడు. రాతప్రతి బల్ల మీదే ఉంది, దాన్ని చూడలేదు. అవధాని ధారణ గురించి చెప్పుకుని మురిసిపోయే మనకు ఈ ధారణ విలువ వేరే చెప్పనక్కర్లేదు. అక్కడక్కడ వదిలేస్తూ, కుదిస్తూ, సభ మొహం చూసి నడిపించాడట. బట్టీ పట్టినవాడికి అది చేతకాదు, వస్తువు లోపలికి ఇంకినవాడికే చేతనవుతుంది.

ప్రసంగం అల్లిక చూడండి. న్యూ ఇంగ్లండ్ చర్చిల్లో పాతకాలం ప్రసంగానికి ఒక కట్టుబాటు ఉండేది. ముందు బైబిలు వచనం, దాని వివరణ, అందులోంచి తేలే సూత్రం, దానికి కారణాలు, చివరికి వినేవాళ్ళ బతుకులకు అన్వయం. ఎవరెట్ ఆ చట్రాన్ని అలాగే ఉంచి, వచనం ఉండాల్సిన చోట గ్రీకు చరిత్రను పెట్టాడు. ఆకాశం, కొండలు, కోతలైపోయిన పొలాలు, కాళ్ళ కింద సమాధులు, వీటి ముందు నోరు విప్పడానికి జంకుతున్నానని రెండు ముక్కలు చెప్పి నేరుగా ఏథెన్స్‌కు పోతాడు. యుద్ధంలో పోయినవాళ్ళ అస్థికలను ఏథెన్స్ వాళ్ళు మూడు రోజులు గుడారంలో ఉంచేవారు. తర్వాత తెగకొక పేటిక చొప్పున ఊరేగించేవారు. దేహం దొరకనివాళ్ళ కోసం ఒక పాడెను ఖాళీగా మోసుకెళ్ళేవారు. థ్యూసిడిడీస్ రాసిన సంగతే. వినడానికి పండితుడి గొప్పలాగే ఉంటుంది. కానీ ఆ సభ కూర్చున్న చోటు ఎలాంటిదో తెలిస్తే ఆ ఎత్తుగడ అర్థమవుతుంది. కొత్త శ్మశానంలో సమాధులను రాష్ట్రాలవారీగా అర్ధచంద్రాకారంలో తీర్చారు. పేరు తెలియని సైనికులకు వేరే చోటు కేటాయించారు. యుద్ధభూమిలో తాత్కాలికంగా పూడ్చిన దేహాలను తవ్వి తెచ్చి ఇక్కడ పాతిపెట్టే పని ఇంకా సాగుతూనే ఉంది. తెగకొక పేటిక, రాష్ట్రానికొక వరుస. ఖాళీ పాడె, పేరులేని సమాధి. ఈ పోలికను ఎవరెట్ విడమరిచి చెప్పడు. సభ ముందు పెట్టి ఊరుకుంటాడు.

అక్కడితో ఆగితే మామూలు ఉపన్యాసకుడే. ఏథెన్స్ ఆచారానికి ఒక మినహాయింపు ఉంది. మారథాన్ యుద్ధంలో పోయినవాళ్ళను ఊరికి తేలేదు, వాళ్ళ పరాక్రమానికి గుర్తుగా పడిపోయిన చోటే పూడ్చారు. ఎవరెట్ కథను అక్కడికి తెచ్చి ఒక పెద్ద ప్రశ్న వేస్తాడు. కుర్రతనంలో ఆ మైదానానికి యాత్రికుడిలా వెళ్ళినవాణ్ణి, పవిత్ర స్థలమని చెప్పులు విప్పబోయినవాణ్ణి, ఆ మట్టిదిబ్బను చూసి కదిలిపోయినవాణ్ణి, ఇక్కడ మన అన్నదమ్ముల సమాధుల ముందు చలించకుండా నిలబడతానా అని. ఆ ప్రశ్న ఇంగ్లీషులో చాలా పొడుగు. కర్త మొదట్లోనే వచ్చేస్తుంది, క్రియ మాత్రం మారథాన్ చుట్టూ తిరిగి తిరిగి చాలాసేపటికి గానీ రాదు. మన వాక్యానికి క్రియ చివర్న రావడం పుట్టుకతో వచ్చిన గుణం. ఇంగ్లీషు వాక్యంలో దాన్ని అంతదూరం పట్టి ఉంచాలంటే ఊపిరి మీద లెక్క కావాలి. అది వచ్చేదాకా పదిహేను వేల మందీ ఎదురుచూడాలి. చెప్పులు విప్పడం బైబిల్లో మోషేకు దేవుడు చెప్పిన మాట. గ్రీకు ప్రొఫెసరు మాట్లాడుతున్నాడనుకుంటే లోపలినుంచి బ్రాటిల్ స్ట్రీట్ పాస్టరు పలుకుతున్నాడు.

నాకు అన్నిటికన్నా నచ్చినచోటు యుద్ధం రెండోరోజు. జులై 1న ఉత్తరాది సైన్యం దెబ్బతింది. జనరల్ రేనాల్డ్స్ చనిపోయాడు. మిగిలినవాళ్ళు ఊళ్ళోంచి వెనక్కి తగ్గి శ్మశానం గుట్ట పట్టుకున్నారు. మర్నాడు తెల్లారగానే శత్రువు మీదపడి ఉంటే పని అయిపోయేది. సగం దళాలు ఇంకా దారిలోనే ఉన్నాయి, వచ్చినవాళ్ళు అలసి ఉన్నారు. ఇది చెప్పాక ఎవరెట్ గడియారం తిప్పినట్టు ఒక వాక్యం నడుపుతాడు. తెల్లారింది, పొద్దు పొడిచింది, ఉదయపు చల్లదనం పోయింది, పూట గడిచింది, మధ్యాహ్నంలో చాలా భాగం జారిపోయింది, అయినా అవతలి నుంచి కదలిక లేదు. ఒక్కో పూటా పేరుపెట్టి చెబుతుంటే వినేవాడు కూడా ఆ గుట్టమీద కూర్చుని ఎండ ఎక్కడం చూస్తాడు. సైన్యం ఆలస్యం చేసిందని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. అప్పుడు ఆలస్యం తెలుస్తుంది గానీ అనుభవంలోకి రాదు. ఆ తర్వాత, మూడు నాలుగు గంటల మధ్య చావుపని మొదలైందని ఒక కురచ వాక్యం. పొడుగు వాక్యం నిరీక్షణకి, కురచది తుపాకీ మోతకి. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తెంచాలో తెలిసిన చెవి అది.

ఆ సభలో యుద్ధంలో కొడుకులను, అన్నదమ్ములను పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మా వాడు ఎక్కడ, ఏ పూట, ఎందుకోసం పోయాడన్నది వాళ్ళకు కావలసిన మొదటి సంగతి. ఎవరెట్ వాళ్ళకు గుట్టల పేర్లు, దళాల పేర్లు, గంటలు చెప్పాడు. లింకన్ ప్రసంగంలో ఊరి పేరు లేదు, సేనాపతి పేరు లేదు, శత్రువు పేరు లేదు. ఆయన అవేవీ లేకుండా మాట్లాడగలిగాడంటే, అంతకుముందు రెండు గంటలపాటు ఒకాయన అవన్నీ చెప్పి కూర్చున్నాడు కాబట్టి. ఈ మాట అంటే లింకన్ అభిమానులకు కోపం రావొచ్చు.

యుద్ధం తర్వాత వచ్చే రాజ్యాంగ చర్చ మాత్రం నాకు బరువే. రాష్ట్రాలు విడిపోయే హక్కు లేదని ఆయన చేసిన వాదం ఇవాళ చదువుతుంటే కోర్టు కాగితాల్లా ఉంటుంది. చిత్రమేమిటంటే లింకన్‌కు నచ్చింది అదే. సభ మర్నాడే ఎవరెట్ ఆయనకు ఉత్తరం రాశాడు. మీరు రెండు నిమిషాల్లో పట్టుకున్న అసలు విషయానికి నేను రెండు గంటల్లో అంత దగ్గరగా వెళ్ళగలిగి ఉంటే సంతోషించేవాణ్ణని దాని భావం. లింకన్ అదే రోజు జవాబిచ్చాడు. నిన్న మీరు పొట్టిగా మాట్లాడినా, నేను పొడుగ్గా మాట్లాడినా తప్పయ్యేదే అన్నాడు. కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు ఒక ఏజెంటు లాంటిదన్న సిద్ధాంతాన్ని ఎవరెట్ ఖండించిన తీరు తనకు కొత్తగా తోచిందనీ, గాయపడ్డవాళ్ళకు సేవ చేసిన స్త్రీల గురించి ఆయన చెప్పినది మరీ బాగుందనీ మెచ్చుకున్నాడు. రెండు గంటలూ చెవిపెట్టి విన్నవాడు రాసిన ఉత్తరమే అది.

ఈ నేర్పుకి ఒక చీకటి వైపుంది. దాన్ని దాటవేస్తే నా మెచ్చుకోలు అబద్ధమవుతుంది. 1826 మార్చిలో కాంగ్రెస్‌లో చేరిన కొత్తలో మాట్లాడుతూ ఎవరెట్ బానిసత్వాన్ని సమర్థించాడు. బైబిల్లోని కొత్త నిబంధనను అడ్డం పెట్టుకున్నాడు. బానిసలు తిరగబడితే అణచడానికి తుపాకీ భుజానేసుకుంటానన్నాడు. వర్జీనియా నుంచి వచ్చిన జాన్ రాండాల్ఫ్, తనే బానిసల యజమాని అయి కూడా, ఉత్తరాది మనిషి నోట ఆ మాట రావడాన్ని ఈసడించుకున్నాడు. వేదిక మారింది గానీ వచనం తీసుకుని అన్వయించే విద్య అదే. 1854లో బానిసత్వాన్ని కొత్త భూములకు పాకనిచ్చే కాన్సాస్-నెబ్రాస్కా బిల్లు సెనేట్‌లో ఓటింగుకు వచ్చిన రాత్రి ఒంట్లో బాగాలేక సభలో లేడు. ఆ బిల్లుకు వ్యతిరేకంగా న్యూ ఇంగ్లండ్ పాస్టర్లు మూడు వేల మంది సంతకాలు పెట్టిన అర్జీని ఆయనే సభ ముందుంచాడు. దక్షిణాదివాళ్ళు ఆ పాస్టర్లను దులిపేస్తే ఒకప్పటి పాస్టరు గట్టిగా నిలబడలేకపోయాడు. కొద్ది నెలల్లోనే పదవి వదిలేశాడు. అందరినీ కలిపి ఉంచాలన్న తపన ఆయన్ని ఏళ్ళ తరబడి మెత్తగా మాట్లాడించింది. అంతర్యుద్ధం మొదలయ్యాకే ఆ మెత్తదనం పోయింది.

సెనేట్ వదిలాక ఆయన చేసిన పని ఇంకొకటి చెప్పాలి. జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ పాడుపడుతుంటే దాన్ని కొని కాపాడాలని ఒక మహిళా సంఘం పూనుకుంది. ఇంటి ధర రెండు లక్షల డాలర్లు. ఎవరెట్ 1856 నుంచి వాషింగ్టన్ మీద ఒకే ప్రసంగాన్ని ఊరూరా తిరిగి సుమారు 130 సార్లు ఇచ్చాడు, ఉత్తరానా దక్షిణానా. దాదాపు డెబ్భై వేల డాలర్లు పోగుచేసి సంఘానికి ఇచ్చేశాడు. ఒకే ప్రసంగాన్ని అన్నిసార్లు విసుగు పుట్టకుండా చెప్పడమూ పనితనమే. ఇవాళ ఆ ఇంటిని చూడ్డానికి వెళ్ళే తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. ఆ గోడలు నిలబడడంలో ఈయన గొంతుకీ వాటా ఉంది.

గెటిస్‌బర్గ్ తర్వాత, 1864 మొదట్లో, ఎవరెట్ లింకన్‌కు మళ్ళీ రాశాడు. మీ ప్రసంగాన్ని మీ దస్తూరితో రాసి పంపండి, నా దానితో కలిపి కుట్టించి సైనికుల సహాయార్థం న్యూయార్క్‌లో జరిగే సంతలో అమ్మిస్తానని. లింకన్ రాసి పంపాడు. ఈనాటికి మిగిలిన ఆ ప్రసంగపు అయిదు చేతిరాత ప్రతుల్లో ఒకదాన్ని ఎవరెట్ ప్రతి అనే పిలుస్తారు. అది ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉంది. 1865 జనవరి 9న బోస్టన్‌లోని ఫానుయిల్ హాల్లో ఎవరెట్ చివరిసారి సభలో మాట్లాడాడు. అప్పుడే ఉత్తరాది సైన్యం చేజిక్కించుకున్న దక్షిణాది నగరం సవానాలో తిండికి అల్లాడుతున్న పేదలకు సాయం చేయమని అడగడానికి. జలుబుతో ఇంటికెళ్ళినవాడు కోలుకోలేదు. ఆరు రోజులకు, జనవరి 15న, పోయాడు.

గెటిస్‌బర్గ్ ప్రసంగం అంటే లింకన్‌ది మాత్రమే చదివి ఊరుకున్నవాళ్ళు ఎవరెట్‌ది కూడా ఒకసారి తీయండి. రాజ్యాంగ చర్చ విసుగనిపిస్తే దాటేయండి, తప్పు లేదు. యుద్ధం మూడు రోజుల భాగాన్ని మాత్రం ఆ గుట్టల మ్యాపు పక్కన పెట్టుకుని పైకి చదవండి. కంటితో చదివితే అది పొడుగ్గానే ఉంటుంది.